టెంక ఎవరి వాటా?

మామిడిపండు కోశాక కండ ఉన్న ముక్కలు ఎవరి కంచంలో పడతాయి? టెంక ఎవరికి మిగులుతుంది? ఈ ప్రశ్న అడగడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, పిల్లలు చూసే చిన్న బొమ్మల సినిమా చాలని చూపించిన దర్శకుడు రామ్ మోహన్. భారతీయ యానిమేషన్‌కి పితామహుడని పేరు పొందిన ఆయన 2019 అక్టోబరు 11న కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి జరుపుతున్న అంతర్జాతీయ బాలికా దినోత్సవం కూడా ఆ తేదీనే. అది కాకతాళీయమే అనుకోండి. అయినా ఆడపిల్లల తల్లులం ఆయన్ని ఆ రోజున తలుచుకోవడం సబబే.

1931లో పుట్టిన రామ్ మోహన్ చదివింది రసాయనశాస్త్రం. 1956లో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరి, డిస్నీ సంస్థలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ దగ్గర బొమ్మకి ప్రాణం పొయ్యడం నేర్చుకున్నారు. 1968లో మన ఎల్.వి.ప్రసాద్ గారి ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ శాఖ బాధ్యత తీసుకున్నారు. జపాన్ వాళ్ళతో కలిసి రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీశారు. 2014లో పద్మశ్రీ అందుకున్నారు. ఇన్ని చేసినా, మనలాంటి ఇల్లాళ్ళకి ఆయన చేసిన అసలు మేలు 'మీనా'.

సార్క్ దేశాలు 1991 నుంచి 2000 దాకా బాలికా దశాబ్దంగా ప్రకటించుకున్న రోజుల్లో, యునిసెఫ్ కోసం ఆయన ఈ పిల్లకి రూపం ఇచ్చారు. భారత్, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్... ఏ ఊరి పిల్ల అన్నా నమ్మేలా ఉండాలి కదా! అందుకే అంతటా వినబడే పేరు, ఎవరికీ పరాయిగా అనిపించని ముఖం. మీనం అంటే చేప కాబట్టి మా బందరు వాళ్ళకైతే మరీ దగ్గర పేరు.

అందులో నాకు బాగా ఇష్టమైంది మామిడిపండు పంపకం కథ. మీనా చెట్టెక్కి పండు కోసుకొస్తుంది. పెద్ద ముక్క మాత్రం తమ్ముడు రాజుకి వెళ్తుంది. రాత్రి భోజనంలోనూ వాడి కంచమే నిండుగా ఉంటుంది. ఎందుకని అడిగితే, మగపిల్లాడు కష్టపడతాడుగా అన్నట్టు జవాబు. మీనా ఏడ్చి మూల కూర్చోదు. ఒక్కరోజు నా పని నువ్వు చెయ్యి, నీ పని నేను చేస్తానంటుంది. సాయంత్రానికి రాజు నడుం విరుగుతుంది. తీరా కంచం ముందు కూర్చుంటే మీనాకి రోజూ పెట్టేంతే వాడికి పెడతారు. అప్పుడు తెలుస్తుంది వాడికి. వాడికే కాదు, ఇంట్లో అందరికీ.

ఈ కథలో చెడ్డవాళ్ళు లేరు. తండ్రి రాక్షసుడు కాదు, తల్లి సవతి తల్లి కాదు. ఎప్పటినుంచో వస్తున్న అలవాటు అంతే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. మరి వడ్డించేది కన్నతల్లి అయినా కూతురి దగ్గరకి వచ్చేసరికి గరిటె ఎందుకు తేలికవుతుంది? ఆ తల్లి తనకి తాను ఇంకా తక్కువ వడ్డించుకుంటుంది కాబట్టి. టెంక చీకడం ఆడవాళ్ళ వాటా అని ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది కాబట్టి.

గుడివాడలో మా అమ్మమ్మగారింట రసాలు వచ్చిన రోజుల్లో పళ్ళు లెక్కపెట్టి మామయ్యలకీ మనవళ్ళకీ ఇచ్చాకే మా వంతు. దివిసీమలో నాట్లేసి ఇంటికొచ్చిన ఆడమనిషి చేపల పులుసు వండి, మంచి ముక్కలన్నీ మగాళ్ళకి పెట్టి, తోక ముక్కతో సరిపెట్టుకోవడం నాగాయలంక వైపు చుట్టాలిళ్ళలో చూశాను. ఎవరూ బాధపడినట్టు కనిపించరు. బాధ రక్తంలో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంటే, మగవాళ్ళలో 25 మందికే ఉంది. ఆడవాళ్ళ రక్తం తగ్గడానికి నెలసరులూ, కాన్పులూ కూడా కారణమే. అలాంటప్పుడు మనకి ఇంకాస్త ఎక్కువ పెట్టాలి గానీ తక్కువ కాదు కదా!

"ఆ రోజులు పోయాయమ్మా, ఇప్పుడు ఆడపిల్లే మహారాణి" అనేవాళ్ళున్నారు. కొంత నిజమే. 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తున్న బడి భోజనంలో ఆడా మగా తేడా లేకుండా కోడిగుడ్డు పెడుతున్నారు. ఇళ్ళలోనూ గుడ్డు సమానమైంది. మరి తిన్న కంచం ఎవరు తీస్తున్నారు? సినిమాలో సగం తిండి గురించి, సగం పని గురించి. మనం మొదటి సగమే నేర్చుకున్నాం. ఇంటర్ చదివే అబ్బాయికి పరీక్షలుంటాయి, అదే ఇంటర్ చదివే అమ్మాయికి పరీక్షలతోపాటు అంట్లూ ఉంటాయి!

రామ్ మోహన్ చెప్పిన ఉపాయానికి పైసా ఖర్చు లేదు. ఒక్క ఆదివారం పిల్లలిద్దరికీ పనులు తారుమారు చేసి చూడండి. కొట్లాట అవసరం లేదు, చెయ్యి నొప్పెడితే మనసుకి అదే అర్థమవుతుంది. కత్తిపీట మన చేతిలోనే ఉంది కదా. ఈ వేసవిలో పండు కోసినప్పుడు ముక్కలు సమానంగా పంచుదాం. టెంక మాత్రం వంతులవారీగా తిరగాలి. అమ్మకి కూడా ఒక ముక్క తీసి పక్కన పెట్టడం మరిచిపోకండేం!