తునికాకు ఎండల్లో ఆ మాత్ర
చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో వేసవి వచ్చిందంటే తునికాకు కోతే. మానసిక జబ్బుకు మాత్రలు వాడే మనిషీ ఆ ఎండలోకే వెళ్తాడు. ఆ మందు ఒంటి వేడిని అదుపుచేసే శక్తిని తగ్గిస్తుందనీ, వణుకు రాకుండా తోడుగా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను కూడా పట్టనివ్వదనీ, అందుకే వడదెబ్బ ముప్పు ఎక్కువనీ అతనికి ఎవరు చెప్పాలి? 1952లో ఫ్రాన్స్‌లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైన ఈ యాంటీసైకోటిక్ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం జోరును తగ్గిస్తాయి. లేని గొంతులు వినపడటం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారన్న భయం సద్దుమణుగుతాయి. ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన మందులివి, ఆ మాట గట్టిగానే చెప్తాను. కానీ కదలికలను నడిపేదీ ఆ డోపమైనే. అందుకే ఈ మందుల్లో ఒకటైన హాలోపెరిడాల్‌తో చేతులు వణకొచ్చు, మెడ పట్టేయొచ్చు, కాలు ఒకచోట నిలవకపోవచ్చు. మరో మందు ఒలాంజపైన్‌తో బరువు పెరుగుతుంది, షుగర్ కూడా రావచ్చు. ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు బెదిరి మందు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. తప్పు వాళ్లది కాదు. డాక్టరును అడిగితే మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దుష్ప్రభావాలను రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటోంది. కోయ గూడేల్లో అది కోయ భాషే. తునికాకు కోత మొదలవకముందే ఆశా కార్యకర్తలతో ఆ మాట ఇంటింటికీ చెప్పించాలి.