రిలీవర్ రాని షిఫ్టు

కాన్వొకేషన్ రోజు డీన్ గారు మైకులో, "మీ జీవిత భాగస్వాములు ఒకసారి లేచి నిలబడాలి" అన్నారు. వెనక వరుసల్లో నలభై యాభై మంది లేచారు. గౌన్లలో ఉన్న మేం వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాం. ఇరవై సెకన్లు పట్టిందేమో. మా ఆవిడ నిలబడింది, నవ్వింది, కూర్చుంది. ఇంటికొస్తూ కార్లో అంది: "పద్దెనిమిది నెలలకి ఇరవై సెకన్లు. మీవాళ్ళకి బానే గిట్టింది."

ఉద్యోగం మానకుండా వీకెండ్లలో చదివే ఎంబీఏలన్నిటి బ్రోషర్లలోనూ ఒకే మాట: బ్యాలెన్స్. ఉద్యోగం, చదువు, కుటుంబం, మూడూ బ్యాలెన్స్ చెయ్యడం ఓ నైపుణ్యమట. పొద్దున్నే ఐదింటికి లేవాలట, క్యాలెండర్‌లో రంగులు వేసుకోవాలట. నేనూ వేశాను. నా వాదన ఒక్కటే: అది నైపుణ్యం కాదు. బ్యాలెన్స్ అంటే తక్కెడ. తక్కెడకి రెండో పళ్ళెం ఉంటుంది. అందులో ఎవరిని కూర్చోబెట్టామో చెప్పకుండా, ముల్లు నిటారుగా నిలబెట్టింది మేమేనని చెప్పుకుంటున్నాం.

నేను పెరిగింది పాల్వంచలో. నాన్నది కేటీపీఎస్ పాత ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లు కూల్చేశారే, ఆ ప్లాంటు. అక్కడ టైము అయిపోయినా రిలీవర్ వచ్చేదాకా సీటు వదలకూడదు. వచ్చినవాడు లాగ్ బుక్ చదువుకుని సంతకం పెట్టాకే ముందువాడు సైకిలెక్కాలి. రిలీవర్ రాకపోతే ఓవర్‌టైము. ఎవరు ఎన్ని గంటలు ఎవరి బదులు నిలబడ్డారో కాగితం మీద ఉంటుంది.

1990లలో నాన్న అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాడు. 1982లో మొదలైన ఆ యూనివర్సిటీ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి అదెంత మేలు చేసిందో కళ్ళారా చూశాను, దాన్ని తక్కువ చెయ్యను. కానీ నైట్ షిఫ్టు చేసొచ్చి నాన్న పడుకుంటే, లేచి పుస్తకం పడితే, మా అల్లరి క్వార్టర్ లోపలికి వినపడకుండా ఎండలో బయట కాపలా కాసింది అమ్మ. నాన్న కష్టం కాలనీ అంతా చెప్పుకుంది. అమ్మది ఏ లాగ్ బుక్కులోనూ ఎక్కలేదు. ఎంబీఏ అడ్మిషన్ వ్యాసంలో నేను కూడా నాన్న కథే రాశాను. అమ్మ మీద ఒక్క వాక్యం లేదు. సీటు వచ్చింది.

నా క్లాసులు వారం విడిచి వారం, శని ఆదివారాలు. మా పాపకి అప్పుడు మూడేళ్ళు. మా ఆవిడ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. రాత్రి కాల్స్ ఉంటాయని టీమ్ లీడ్ పోస్టు వద్దంది. నాలుగు నెలలు అలా లాగాం. తర్వాత పాపని పాల్వంచ పంపేశాం. అరవై దాటిన అమ్మ మళ్ళీ డ్యూటీ ఎక్కింది. "పిల్ల బానే ఉందిలేరా, నువ్వు చదువుకో" అనేది ఫోన్లో. క్లాసుల్లేని వారం రాత్రి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఓసారి పాప, తాతయ్య దగ్గర నేర్చుకున్న మాటే, "డాడీ, నీది ఏ షిఫ్టు?" అని అడిగింది. నవ్వుకుని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. ముప్ఫై లైకులు.

క్లాసులో మాత్రం కేస్ స్టడీలు. సాహిత్యం చదివే అలవాటున్నవాడికి కేస్ స్టడీ ఒక విచిత్రమైన కథ. కథానాయకుడికి ఒక సమస్య, ఒక గడువు, నాలుగు పట్టికలు ఉంటాయి. ఇల్లు ఉండదు. ఆయన తిన్న కంచం ఎవరు కడిగారో ఏ పట్టికలోనూ దొరకదు. మొదటి టర్ములోనే ఆపర్చునిటీ కాస్ట్ నేర్పారు: ఒకటి ఎంచుకుంటే వదులుకున్నదాని విలువ. నా జీతంతో, ఫీజుతో లెక్క కట్టి ఏ గ్రేడు తెచ్చుకున్నాను. మా ఆవిడ వదులుకున్న పోస్టు ఆ ఎక్సెల్ షీటులో లేదు. ప్రొఫెసరూ అడగలేదు.

ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లోనే దీనికి 'ది సెకండ్ షిఫ్ట్' అని పేరు పెట్టి పుస్తకం రాసింది. మన దగ్గర 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద పెట్టేది రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97. ఆ 97 కూడా మగవాళ్ళందరిదీ కాదు, అసలు ఇంటిపని ముట్టుకునే 26 శాతం మందిది. విమల 'వంటిల్లు' కవితని హాస్టల్ రూముల్లో గొంతెత్తి చదివిన బ్యాచ్ మాది. చదివినంత మాత్రాన వంటింట్లోకి వెళ్ళామని కాదు.

"ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయమే కదా, పెరిగిన జీతం ఇంటికే కదా వచ్చింది" అంటారు. నేనూ అన్నాను. నిజమేమిటంటే, నేను ఆమెని అడిగింది సీటొచ్చి, మొదటి వాయిదా కట్టేశాక. దాన్ని అడగడం అనరు. జీతం ఇంటికి వచ్చిన మాట నిజమే, డిగ్రీ మాత్రం నా ఒక్కడి పేరు మీదే ఉంది.

డీన్ గారిని లేచి నిలబడమనడం మానెయ్యమని అనను. అప్లికేషన్‌లోనే అడగండి: మీ గంటలు ఎవరు చేస్తారు, వాళ్ళు ఏం వదులుకుంటారు, వాళ్ళని రిలీవ్ చేసేదెవరు. రాసిందాని కింద అభ్యర్థి సంతకం కాదు, వాళ్ళ సంతకం తీసుకోండి. సీట్లు కొన్ని మిగిలిపోతే పోనివ్వండి.

పోయిన నెల మా ఆవిడ అలాంటి కోర్సుకే అప్లికేషన్ తెరిచింది. 'ఉద్యోగాన్ని, కుటుంబాన్ని ఎలా సమన్వయం చేసుకుంటారు?' అని ఒక గడి. నాకూ వచ్చిన ప్రశ్నే. నా కుటుంబం పూర్తి సహకారం అందిస్తుంది అని అప్పట్లో రెండు నిమిషాల్లో నింపేశాను.

లాప్‌టాప్ నా వైపు తిప్పి అడిగింది: "నువ్వు రాసిందే కాపీ కొట్టనా? నేను రాస్తే నమ్ముతారంటావా?"