పైనుంచి కనిపించే గ్యాసు, కింద కనిపించని మనిషి

గోబర్ గ్యాసు పొయ్యిలో నీలంగా మండేది మీథేన్. రంగు లేదు, వాసన లేదు. కె.సి. కెనాల్ కింద నీళ్లు నిలిచిన వరిమడిలో పుడుతుంది. నెమరేసే గొడ్డు కడుపులో, చెత్తదిబ్బలో, మురుగు కాలువలో పుడుతుంది. గాలిలో సుమారు 12 ఏళ్లు ఉంటుంది. ఉన్నన్నాళ్లూ బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలు ముదిరితే ముందు మాడేది మన మెట్టచేన్లు, మన కూలోళ్ల నెత్తులు. అందుకే ఈ లెక్క మనకూ కావాలి.

ఇప్పుడు దీన్ని ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. నేలకు తగిలి పైకి మళ్లే ఎండలో కొంత భాగాన్ని మీథేన్ మింగేస్తుంది. ఎంత తగ్గిందో చూసి లెక్క కడతారు. జపాన్ 2009లో గోశాట్‌ను, యూరప్ 2017లో సెంటినెల్-5పిని పంపాయి. మబ్బు పడితే వాటికి చూపు ఆనదు.

కొలిచేవాడు ఎవరన్నదే అసలు సంగతి. భారతదేశపు వరిమళ్లు ఏటా 3 కోట్ల 70 లక్షల టన్నుల మీథేన్ వదులుతున్నాయని అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి లెక్క గట్టింది. 1991లో ఎ.పి. మిత్ర నాయకత్వంలో మన శాస్త్రవేత్తలు మళ్లలోకే పోయి కొలిస్తే తేలింది సుమారు 40 లక్షల టన్నులు. గోశాట్ కొలతలు కూడా కలిపి 2017లో వెలువడిన అధ్యయనం, 2010-15 మధ్య దేశం మొత్తం మీథేనే ఏటా సుమారు 2 కోట్ల 20 లక్షల టన్నులంది. వాళ్లు ఒక్క వరి మీద మోపిన దానికి దేశమంతా కలిసినా రాలేదు!

మరి దేశం లోపల? కాలువ కింద మడి ఆసామిది, నాటు మన ఆడోళ్లది. ఢిల్లీ, ముంబయి చెత్తదిబ్బల మీథేన్‌ను ఉపగ్రహాలు పట్టిచ్చాయని 2022లో పరిశోధకులు రాశారు. ఆ దిబ్బల మీద ఏరుకుని బతికేదెవరు? మురుగులోకి దిగేదెవరు? అక్కడ మీథేన్ ఊపిరి ఆడనివ్వదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీస్తుంది. రక్షణ లేకుండా మనిషిని దించడం నేరమని 2013 చట్టం చెప్పింది. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చావుకు వెల పెరిగింది గానీ దించడం మానలేదు.

800 కిలోమీటర్ల పైనుంచి గ్యాసును పసిగట్టే కాలమిది. పదడుగుల లోతున ఉన్న గ్యాసును కొలవడానికి మాత్రం మనవాడి ముక్కే మీటరా?

మిత్రులారా! కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, ఆదోని ఏ ఊళ్లోనైనా మనిషిని దించబోతే అడ్డం నిలబడండి. యంత్రం ఏదీ, గ్యాసు మీటరు ఏదీ అని కాగితం మీద రాసి అడగండి. జవాబు వచ్చేదాకా ఒక్కరు కూడా దిగొద్దు.