పాత శిక్ష కొత్త కేసులో సాక్ష్యమవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు ఎనిమిదేళ్ల క్రితం మోటారు సైకిలు దొంగతనం కేసులో ఆరు నెలలు జైలుకెళ్లి వచ్చాడు. అప్పట్నుంచీ బుద్ధిగా కరెంటు పని చేసుకుంటున్నాడు. మొన్న వాడు పనికెళ్లిన ఇంట్లో నగలు పోతే, పాతకేసు ఉందని వాణ్ణే పట్టుకెళ్లారు. రిమాండులో ఉన్నాడు. జడ్జిగారు కూడా వీడే తీశాడనుకుంటారా? వాడు మంచివాడని మా వీధి పెద్దల చేత సాక్ష్యం చెప్పించమంటారా?
- పేరు, ఊరు వేయవద్దన్న ఒక సోదరి

జవాబు: అమ్మా, పాత కేసు చూసి పోలీసులు అనుమానించవచ్చు గాని, ఆ అనుమానం కోర్టులో సాక్ష్యం కాదు. అప్పుడు తీశాడు కాబట్టి ఇప్పుడూ తీసి ఉంటాడంటే చట్టం ఒప్పుకోదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 54వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 49వ సెక్షన్ అయింది. ఎక్కువ శిక్ష కోరడానికి పాత శిక్షను ఛార్జిలో చేర్చినా, ఈ కేసులో దోషి అని తేలేదాకా దాన్ని చదివి వినిపించకూడదు. ప్రాసిక్యూటరు ఆ మాట ఎత్తకూడదు.

మీరడిగిన రెండో సంగతిలోనే ఉంది చిక్కంతా. ముద్దాయి మంచివాడని చెప్పించుకునే హక్కు ఉంది. కాని మీ వైపు నుంచి ఆ మాట వచ్చిందా, అదే 49వ సెక్షన్ అవతలివారికి తలుపు తీస్తుంది. అంత మంచివాడైతే ఈ శిక్ష ఎందుకు పడిందంటూ పాత తీర్పు నకలు తెచ్చి పెడతారు. పెద్దలు అభిమానంతో చెప్పే రెండు ముక్కల కోసం ఆ కాగితాన్ని మనమే బయటికి లాగడం దేనికి? వాళ్లకో దండం పెట్టి వద్దనండి. నగలు పోయిన వేళకి వాడు ఇంకోచోట పనిలో ఉంటే, ఆ ఇంటివారు వచ్చి చెప్పాలి. పనికొచ్చే సాక్ష్యం అది.

బెయిలు దగ్గర మాత్రం పాత శిక్షను చూస్తారు. పిటిషన్లో దాచకండి, దాచినట్టు తెలిస్తే వచ్చిన బెయిలూ పోవచ్చు. విచారణ సాగుతూ పోతే, ఇంతకుముందు శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలుంటే బెయిలు అడగవచ్చు. మీ తమ్ముడికి ఆ లెక్క సగం. ఇంట్లో దొంగతనానికి శిక్ష ఏడేళ్ల దాకా ఉంది. నేరం రుజువైతే, మొదటి తప్పుకు చూపే దయ ఇక్కడ దొరకడం కష్టం.

లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. రిమాండులో ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. పాత తీర్పు నకలు ముందుగానే ఆయన చేతికివ్వండి.