నాలా చెరువులో కలిసే చోట కాస్త జాగా ఇవ్వండి

హైదరాబాద్ జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



నగరానికి 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు) మంజూరైనప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ ఉత్తరం వాటి గురించి కాదు, వాటికి అందకుండా పోయే నీటి గురించి.

వానల్లేని రోజుల్లో మురుగు చెప్పినట్టు వింటుంది. కూకట్‌పల్లి నాలాలో అప్పుడు పారేదాన్ని హుస్సేన్‌సాగర్‌లో కలవకముందే పక్కకు మళ్లించే ఏర్పాటు ఉంది. గట్టి వాన ఒకటి పడితే అది చాలదు. మురుగు పైపులు, వాననీటి కాలువలు కాగితం మీదే వేర్వేరు. మ్యాన్‌హోళ్లు పొంగి నాలాలోకి, నాలా పొంగి చెరువులోకి. అందులోనూ తొలకరి జల్లు మరీ మురికిది. నెలల తరబడి పైపుల అడుగున, రోడ్ల మీద పేరుకున్నదంతా ఒక్కసారిగా మోసుకొస్తుంది. ఏడాదిలో కొన్ని గంటలే వచ్చే ఈ వరద కోసం ఇంకో ఎస్టీపీ కట్టమని ఎవరూ అడగరు. వాడకుండా వదిలేస్తే అందులోని సూక్ష్మజీవులు తిండిలేక చస్తాయి.

ఇటలీలో మిలాన్‌కు వాయవ్యంగా గోర్లా మజ్జోరె అనే చిన్న ఊరుంది. పొంగిన మురుగు అక్కడి ఒలోనా నదిలో పడేచోట రెల్లు మడులు వేశారు. జల్లెడ, మడ్డి దిగే తొట్టి దాటిన నీరు రెల్లు నాటిన కంకర మీద పరుచుకుని కిందికి ఇంకుతుంది. కంకరను పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా మాలిన్యాన్ని తినేస్తుంది. ఆ తర్వాత మడి ఆరి, గాలి పీల్చుకుంటుంది. వానకూ వానకూ మధ్య విరామం ఎస్టీపీకి చేటైతే, దీనికి అవసరం. చివర్లో ఒక కుంట, చుట్టూ జనం తిరిగే పార్కు. జర్మనీలోనూ ఇలాంటివి దశాబ్దాలుగా ఉన్నాయి.

నగరం మురుగంతా ఇలాగే శుద్ధి చేయమని అనను. మనిషికి ఒక్క చదరపు మీటరు లెక్కేసినా కోటి మందికి దాదాపు 2,500 ఎకరాలు కావాలి. అంత నేల ఎవరిస్తారు? మన నెక్నాంపూర్ చెరువులో 2018లో మొక్కల తేలుదీవి వేశారు. మంచి పనే, కానీ అది మురికి లోపలికొచ్చాక చేసే పని. నేను అడుగుతున్నది గుమ్మంలోనే కాళ్లు కడుక్కోవడం.

ఏదైనా ఒక చిన్న నాలా ఎంచుకోండి. కూకట్‌పల్లి నాలా మాత్రం వద్దు. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల లోహాలను మొక్కలు మాయం చేయలేవు, అవి కంకరలోనే పేరుకుంటాయి. నాలా కలిసేచోట శిఖం భూమి ఇంకా మిగిలి ఉంటే (ఉంటేనే!) అక్కడ ఇలాంటి కంకర మడి వేసి జమ్ము, తుంగ, మెట్టతామర నాటించండి. నీరు కంకరలోకి ఇంకిపోతుంది కాబట్టి దోమల భయం తక్కువ. మొక్కలు కోయకపోతే మాత్రం అవి కుళ్లి, పీల్చుకున్నదాంట్లో చాలావరకు నీళ్లకే తిరిగిచ్చేస్తాయి. కాబట్టి ప్రారంభోత్సవం ఖర్చు తగ్గించయినా సరే, పదేళ్ల కోత, పూడికతీత టెండర్‌లోనే రాయించండి. మురుగు మీది, నాలా జీహెచ్‌ఎంసీది, చెరువు ఇంకొకరిది అనే పంచాయితీ ముందే తెంచుకోండి.

లోపలికి వచ్చే నీటి బీఓడీ (నీటిలో కుళ్లే మాలిన్యానికి కొలత), బయటికి పోయే నీటి బీఓడీ జనం చూసేలా బోర్డు మీద పెట్టించండి. ఆ నమూనాలు ఎండ కాసే రోజున కాదు, నాలా పొంగుతున్న రాత్రే తీయించండి.

ఇట్లు,
ఒక నగరవాసి