మూత్రంలో చీముందట, క్రిమి మాత్రం లేదట!

మన సంఘం సభ్యుడి ఇంటావిడ ఒకామె నాట్ల సమయంలో అరగంటకోసారి నారు కట్ట కింద పెట్టి చాటుకు పోయేది. తోటి కైకిలోళ్లు మొదట నవ్వారు. తర్వాత కూలి కోస్తామన్నారు. ఒంట్లో వేడి అని పెద్దలు చెబితే సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగింది. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంది. నాలుగు రోజులు తగ్గేది, నెల తిరగకముందే మళ్లీ మంట. పట్నంలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో పరీక్ష చేస్తే మూత్రంలో చీము కణాలు నిండుగా ఉన్నాయి. కల్చర్ చేస్తే ఏ క్రిమీ పెరగలేదు. మందు మార్చారు. మళ్లీ మార్చారు. రెండేళ్లు గడిచి, రెండు బర్లు అమ్ముడుపోయాక స్కానింగ్‌లో తేలింది, ఎడమ కిడ్నీ ఎండిపోయిందని. కారణం టీబీ.

టీబీ అంటే దగ్గు, కఫం, బక్కచిక్కిన మనిషి అనుకుంటాం. కానీ ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమి రక్తంలో కలిసి కిడ్నీకి పోయి, అక్కడ ఏళ్ల తరబడి నిద్రపోగలదు. లేచాక కూడా గట్టిగా అరవదు. మాటిమాటికి మూత్రం, మంట, అప్పుడప్పుడు రక్తం, నడుము పక్కన నొప్పి. చాలామందికి దగ్గు ఉండదు, జ్వరమూ ఉండదు. దీన్ని మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్ నుంచి వేరు చేసి చూపే గుర్తు ఒక్కటే: చీము కణాలుంటాయి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు. ఎందుకంటే ఆ కల్చర్ రెండు మూడు రోజుల్లో పెరిగే క్రిముల కోసం చేసేది. టీబీ క్రిమి పెరగడానికి వారాలు కావాలి, వేరే పద్ధతి కావాలి. ‘నో గ్రోత్’ అని రాసిన కాగితాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటాం. అసలు అనుమానం మొదలు కావలసింది అక్కడే.

ఇంకో చిక్కుంది. మూత్రం మంటకు మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మందులు టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తాయి. పూర్తిగా చంపవు, దాస్తాయి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, పరీక్షలో జబ్బు దొరకదు. ఈలోగా కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం ముడుచుకుపోతుంది.

క్రియాటినిన్ నార్మల్‌గా ఉంది కదా అని ధైర్యపడేవాళ్లున్నారు. ఒక కిడ్నీ చెడితే రెండోది దాని పని నెత్తినేసుకుంటుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కూలబడితే రెండోది లాగినట్టే. రక్తంలో లెక్క మారదు. అందుకే ఆ పరీక్ష ఒక్కటే సరిపోదు, స్కానింగ్ కూడా కావాలి.

రాళ్లున్నవాళ్లకు ఇంకో అరుదైన జబ్బు ఉంది, జాంథోగ్రాన్యులోమటస్ పైలోనెఫ్రైటిస్. నోరు తిరగని పేరు. రాయి అడ్డుపడి, ఇన్‌ఫెక్షన్ ఏళ్లకేళ్లు నిలిచి కిడ్నీ గడ్డలా మారుతుంది. మధ్యవయసు ఆడవాళ్లలో ఎక్కువ. స్కానింగ్‌లో ఒక్కోసారి క్యాన్సర్‌లా కనిపిస్తుంది. కోసి తీసి, ముక్కను పరీక్షించాక గానీ ఇది ఫలానా అని తేలని సందర్భాలెన్నో. రాయి ఉందని తెలిసీ ‘పంట చేతికొచ్చాక చూద్దాం’ అని వాయిదా వేసే అలవాటు మనది. నేనూ వేశాను.

కిడ్నీ జబ్బు అనగానే అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, పలాస పల్లెల్లో రైతులు, కూలీలు రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. అది ఇన్‌ఫెక్షన్ కాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. వాళ్ల పోరాటాల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మన దగ్గరి కథ వేరు. ఈ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే చూపించాడు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. టీబీ రోగి తిండికని 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఇన్ని ఉండీ ఒక ఆడమనిషి కిడ్నీ ఎండిపోయిందంటే కోపం రాక ఏమొస్తుంది?

తప్పు డాక్టర్లది మాత్రమే అనను. టీబీ లెక్కంతా కఫం డబ్బా చుట్టూ తిరుగుతుంది. మూత్రంలో కూడా టీబీని వెతకాలన్న ఆలోచన పల్లె దాకా దిగలేదు. అందుకే సంఘం తరఫున మా అడుగుడు ఇది: రెండుసార్లు మందు వాడినా చీము తగ్గని, కల్చర్‌లో ఏమీ పెరగని ప్రతి మనిషి మూత్రాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే సీబీనాట్ పరీక్షకు పంపాలి. బస్సు కిరాయి, కూలి నష్టం రోగి నెత్తిన వేయొద్దు. ఒక్కసారి రాలేదని వదలొద్దు, మూత్రంలో ఈ క్రిమి రోజూ దిగదు. అందుకే తెల్లవారి మొదటి మూత్రాన్ని వరుసగా మూడు నుంచి ఐదు రోజులు తీసి పరీక్షించాలి. నర్సాపూర్, మెదక్ ఆస్పత్రుల్లో ఇలాంటివాళ్లకు స్కానింగ్ తేదీ నెలల తర్వాత ఇవ్వకూడదు.

మన వంతు పనీ ఉంది. పాత కాగితాలు పారేయకండి. కల్చర్ రిపోర్టులు, వాడిన మందుల చీటీలు ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పరచండి. ఇంట్లో ఎవరికైనా ముందు టీబీ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. మందులు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే రక్తమని భయపడి ఆపకండి, అది రిఫాంపిసిన్ రంగు. కోర్సు కనీసం ఆరు నెలలు. ఇక మేస్త్రీలకు ఒక మాట: చాటుకు పోయిన ఆడమనిషి కూలి కోయకండి.