పోగుల లెక్క తప్పొద్దు

దావత్ అంటే తాగుడు, తినుడు, పండుడు! ఏండ్ల తరబడి మన మీద ఏసిన ముద్ర ఇదే. సిన్మాలల్ల మన యాస మాట్లాడేటోడు రౌడీ అన్న కావాలె, తాగుబోతు అన్న కావాలె. మన దావత్‌ను కూడా గట్లనే చూసిండ్రు. పొద్దుందాక పనీపాటా లేకుంట తింటరని ఎక్కిరిచ్చిండ్రు. మన వాకిట్లకు వచ్చి ఒక్క దినం కూసున్నోడు ఆ మాట అనడు. దావతుల తిండి కన్నా ముందు పంపకం ఉంటది. మన కొట్లాట కూడా పంపకం మీదనే నడిచింది.

దసరా గానీ, బోనాలు గానీ, మైసమ్మ పండుగ గానీ, ఒక్క ఇంటికి యాట బరువైతది. అందుకే నాలుగిండ్లోళ్లో పదిండ్లోళ్లో కలిసి పైసలేసుకొని తెస్తరు. పొద్దుగాల్నే యాపచెట్టు కింద కోస్తరు. తలకాయ, కాళ్లు మంట మీద కాలుస్తరు. చుట్టూ మూగిన పిల్లలకు కార్జం ముక్కలు ఉప్పుకారం అద్ది నిప్పుల మీద కాల్చి పెడుతరు. ఆ తర్వాత అసలు పని మొదలైతది. ఆకులు పరిచి పోగులేస్తరు. మెత్తటి మాంసం, బొక్కలు, కార్జం, బోటి అన్నీ ప్రతి పోగుల పడాలె. ఒక పోగు పెద్దగ కనబడితే ఇంత తీసి ఇంకో దాంట్ల ఏస్తరు. పైసలిచ్చినోళ్లందరు చుట్టూ నిలబడి చూస్తనే ఉంటరు. అందరు సరే అన్నంకనే పోగు లేస్తది. పటేలని పెద్ద పోగు లేదు, గరీబని బొక్కల పోగు లేదు.

అటెనక మూడు రాళ్ల పొయ్యిల మీద గంజులెక్కుతయి. ఒక దిక్కు బగారన్నం, ఒక దిక్కు తలకాయ కూర, ఇంకో దిక్కు బోటి. చుట్టాలొస్తరు, దోస్తులొస్తరు, కల్లు ముంతలొస్తయి. ముచ్చట్లు, పాటలు పొద్దుమీకేదాక నడుస్తయి. అమెరికాకు పోయిన మనోళ్లు ఇంటెనక పెరట్ల బొగ్గుల మీద కోడికాళ్లు కాల్చుకుంట బార్బెక్యూ అంటరు. పేరు ఏదైతేంది, దినమంతా నలుగురితోని కలిసి తినాలన్న ఆరాటం ఒక్కటే.

ఇగ రాష్ట్రం ముచ్చటకొస్తం. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. అది పోగులేసుకున్న కాయితమే. కలిసినంక ఆ కాయితాన్ని పక్కకు పడేసిండ్రు. మన కొలువులల్ల స్థానికేతరులు చేరిండ్రని సర్కారే ఒప్పుకొని 1985ల 610 జీవో తీసింది. ఆ జీవో అమలు కోసమే ఉద్యోగులు ఏండ్లకేండ్లు కొట్లాడాల్సి వచ్చింది. కృష్ణ నీళ్లు చూడుండ్రి. ఉమ్మడి రాష్ట్రంల ఆ నది పరీవాహకం మూడింట రెండొంతుల దాకా మన దిక్కే ఉండె. 2015ల చేసిన తాత్కాలిక ఏర్పాటుల 811 టీఎంసీలకు మనకొచ్చినయి 299. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అడిగింది దయ కాదు, మన పోగు.

అందుకే 2011ల వంటావార్పు పిలుపు అంత తొందరగ జనానికెక్కింది. రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చుడు మనకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. ఉద్యోగులు, వకీళ్లు, విద్యార్థులు, అడ్డా కూలీలు ఒక్క బంతిల కూసున్నరు. మేం కూడా అండ్ల ఉల్లిగడ్డలు కోసినం, వార్తలు రాసినం. అదే ఏడాది సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 దినాలు నిలిచింది. జీతాలు ఆగినా ఇండ్లు నడిచినయంటే ఒకరి గంజుల మెతుకులు ఇంకొకరికి అందినయి కాబట్టే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇగ మన బంతిని మనం చూసుకోవాలె. దావతుల డప్పు కొట్టినోడు, తోలు తీసినోడు ఇయ్యాల్టికీ కొన్ని ఊర్లల్ల దూరం కూసునే తింటున్నడు. పొద్దుగాల్నుంచి పొగల ఉన్న ఆడోళ్లు అందరు లేసినంక అడుగు కూర తింటున్నరు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులైనయి. యాట మన సంస్కృతి, పెద్దకూర కాదు అని చెప్పేటందుకు ఎవరికి హక్కుంది? మన తిండిని ఎక్కిరిస్తే రోషమొచ్చిన మనకు, మనోని తిండి మీద దాడి జరిగితే రోషం రావద్దా?

ఇంకో దావత్ మోపైంది. ఎలక్షన్ల దావత్! కోసేది లీడర్, పెట్టేది లీడర్, పైసలు ఎక్కడియో అడిగేటోడు లేడు. మనం పైసలేసిన యాట దగ్గర నిలబడి పోగులు చూసే హక్కు మనకుంటది. వాడు పెట్టిన కాడ తినుడే తప్ప అడుగుడు ఉండదు. ఫలితం ఏమైందో చదువుకున్న పోరగాళ్లకు ఎరికే. 2022 అక్టోబర్‌ల రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ లీకుతోని 2023 మార్చిల రద్దయింది. కొలువుల కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల కొలువుల పోగు చాటుకు పోయిందన్నట్టే కదా!

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఎవరి పార్టీ రాజ్యమేలినా మన పని ఒక్కటే. పోగులేసే కాడ నిలబడాలె. ఏ కాలువకు ఎన్ని నీళ్లు, ఏ ఊరికి ఎన్ని పైసలు, ఏ కొలువు ఎవరికి పోయిందో లెక్క అడగాలె. సమాచార హక్కు కాయితం పెట్టుండ్రి, గ్రామసభల లేసి నిలబడుండ్రి. ఊరి దావతుల అందరికి ఒక్కటే బంతి ఎయ్యుండ్రి, గంటె మొగోళ్లు కూడా పట్టుండ్రి. పొరుగోడు మన పోగు తిన్నడని అరవై ఏండ్లు కొట్లాడినం. మనోడు తిన్నా అడగాల్సిందే.